తొట్టిలో గెలిచిన చేప ఏట్లో ఎందుకు ఓడుతోంది? స్టీల్‌హెడ్ హేచరీల పెంపకం మారవలసిన తీరుపై చర్చ

సెలయేరు (బాతెల్, వాషింగ్టన్ రాష్ట్రం)

సభ్యులందరికీ నమస్కారం. పశ్చిమ వాషింగ్టన్‌లో, చేప గుడ్లు పొదిగించి, పిల్లలను పెంచి ఏట్లో వదిలే ఒక స్టీల్‌హెడ్ హేచరీలో నాలుగేళ్ళుగా శని, ఆదివారాల్లో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. మేత వేయడం, తొట్ల జాలీలు తోమడం, చనిపోయిన పిల్లలను ఏరి లెక్క రాయడం నా పనులు. ఈ నాలుగేళ్ళలో నన్ను వదలకుండా పట్టుకున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

మేత డబ్బాతో నేను తొట్టి గట్టెక్కగానే, నా నీడ నీటి మీద పూర్తిగా పడకముందే, వేలాది పిల్లలు ఆ నీడ కిందికి ఎగబడి వస్తాయి. ఎసరు మరిగినట్టు నీరంతా కుతకుతలాడుతుంది. కిందటి ఆగస్టులో, హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయలో కలిసే డకబుష్ ఏటికి వెళ్ళాను. అక్కడ ఒడ్డు పక్కన జానెడు లోతు నీటిలో, ఒక రాయి వెనక, వేలెడంత పిల్ల ఒకటి ప్రవాహానికి ఎదురుగా తోక ఆడిస్తూ ఉన్నచోటనే నిలబడి ఉంది. చెయ్యి చాచి దాని మీద నీడ పడనిచ్చాను. రెప్పపాటులో రాయి కిందికి దూరిపోయింది. పావుగంట కూర్చున్నా మళ్ళీ బయటికి రాలేదు. రెండూ ఒకే జాతి చేపలు. ఒకదానికి నీడ అంటే అన్నం, ఇంకొకదానికి నీడ అంటే కొంగ.

తెలియనివారి కోసం రెండు మాటలు. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. ఏట్లోనే జీవితమంతా గడిపితే రెయిన్‌బో ట్రౌట్ అంటారు. సముద్రానికి వెళ్ళి పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికి తిరిగి వస్తే స్టీల్‌హెడ్ అంటారు. పసిఫిక్ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టగానే చనిపోతాయి గాని, స్టీల్‌హెడ్‌లలో కొన్ని బతికి సముద్రానికి వెళ్ళి మరోసారి తిరిగి రాగలవు. ఇక్కడి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు చీలికలో కలిసే నదుల్లోని స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న చేపగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

మా హేచరీలో ఇప్పుడొక ప్రతిపాదన నడుస్తోంది. పిల్లలను ఒక ఏడాదిలో పెంచి వదిలే పద్ధతి మాని, చల్లని నీటిలో నెమ్మదిగా రెండేళ్ళు పెంచాలని, తొట్టికి వేసే పిల్లల సంఖ్య బాగా తగ్గించాలని ఆలోచిస్తున్నారు. ఉన్న తొట్లతోనే ఆ పని చేస్తే ఏటా వదిలే పిల్లల సంఖ్య సగానికి పడిపోతుంది కాబట్టి వ్యతిరేకించేవారు కూడా గట్టిగానే ఉన్నారు. ఏట్లో సహజంగా పుట్టే చేప తిరిగి కోలుకోవడమే లక్ష్యం అనుకుంటే, హేచరీలో మొట్టమొదట మారవలసింది ఏమిటి? ఈ రంగం తెలిసినవారు చెప్పగలరా?

పాఠకురాలు (విశాఖపట్నం)

సెలయేరు గారూ, నాకు ఈ చేప గురించి ఏమీ తెలియదు గనుక మొదటి మెట్టు ప్రశ్నే అడుగుతున్నాను. ఎక్కువ పిల్లలను వదిలితే ఎక్కువ చేపలు తిరిగి రావా? వచ్చినవి ఏట్లో గుడ్లు పెడితే, వాటి పిల్లలు ఏటి పిల్లలే అవుతాయి కదా? మరి పెంచిన పద్ధతికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

వర్ణరేఖ (కర్వాలిస్, ఒరెగాన్)

పాఠకురాలు గారి ప్రశ్న మొదటి మెట్టుది కాదు, చాలాకాలం హేచరీలన్నీ నిలబడిన పునాదే అది. చేపల జన్యుశాస్త్రంలో పరిశోధక విద్యార్థిగా నేను చదివినదానిలో ఆ పునాదిని బలంగా కదిపింది ఒరెగాన్‌లోని హుడ్ నది. ప్యూజెట్ సౌండ్ పక్కనున్న హుడ్ కెనాల్ వేరు, కొలంబియా నదిలో కలిసే ఈ హుడ్ నది వేరు. పేర్లు చూసి పొరబడవద్దు.

హుడ్ నది మీద పవర్‌డేల్ అనే ఆనకట్ట ఉండేది. 2010లో దాన్ని తొలగించారు. అది ఉన్నంతకాలం పైకి వెళ్ళే ప్రతి స్టీల్‌హెడ్ అక్కడి బోనులోంచే వెళ్ళాలి. 1991 నుంచి అలా వెళ్ళిన చేపల పొలుసులు తీసి భద్రపరిచారు. పొలుసులోని డీఎన్‌ఏ చూస్తే ఈ ఏడాది తిరిగొచ్చిన చేపకు తల్లి ఎవరో, తండ్రి ఎవరో తేలిపోతుంది. ఊరి కరణం దగ్గర తరతరాల వంశవృక్షం ఉన్నట్టే ననుకోండి. హితోషి అరాకి, బెకీ కూపర్, మైకేల్ బ్లూయిన్ ఆ పొలుసుల ఆధారంగా 2007లో ప్రకటించిన ఫలితం ఇది: హేచరీలో గడిచిన ఒక్కో తరానికి, ఏట్లో సంతానాన్ని నిలుపుకునే సామర్థ్యం సుమారు 40 శాతం చొప్పున తగ్గిపోతోంది.

ఇక్కడ తల్లిదండ్రులు ఎక్కడినుంచో తెచ్చిన చేపలు కావన్నది గమనించాలి. అదే నదిలో సహజంగా పుట్టిన చేపలనే పట్టి, వాటి గుడ్లనే హేచరీలో పొదిగించారు. అయినా తేడా వచ్చింది. 2012లో మార్క్ క్రిస్టీ బృందం ఇంకొక అడుగు ముందుకు వేసి, హేచరీలో బాగా రాణించిన కుటుంబాలే ఏట్లో అధ్వానంగా ఉన్నాయని చూపించింది. 2016లో అదే నది చేపల్లో, ఏటి తల్లిదండ్రుల పిల్లలకూ, ఒక్క తరం హేచరీలో గడిపిన తల్లిదండ్రుల పిల్లలకూ మధ్య 723 జన్యువుల పనితీరు మారిందని తేలింది. రెండు రకాల పిల్లలనూ ఒకే చోట, ఒకే రకంగా పెంచి చూశారు కాబట్టి ఆ తేడా తల్లిదండ్రుల నుంచి వచ్చిందే. మారిన జన్యువుల్లో గాయాలు మానడానికి, రోగనిరోధక శక్తికి, ఆహారాన్ని ఒంటబట్టించుకోవడానికి సంబంధించినవి ఎక్కువ. ఒకదానికొకటి ఒరుసుకుంటూ, కొరుక్కుంటూ కిక్కిరిసి బతికే తొట్టిలో ఎలాంటి చేప నెగ్గుతుందో ఆ పట్టీ చూస్తేనే ఊహించవచ్చు.

అందువల్ల పాఠకురాలు గారూ, తొట్టి కూడా ఒక జల్లెడే. ఏరు జల్లించే తీరు వేరు, తొట్టి జల్లించే తీరు వేరు. ఏట్లో గుడ్డు నుంచి సముద్రానికి బయలుదేరే దశ దాకా నూటికి కొన్ని మాత్రమే బతుకుతాయి. తొట్టిలో ఎక్కువ భాగం బతుకుతాయి. ఏరు తిప్పి పంపేవాటిని తొట్టి దగ్గరికి తీస్తుంది. తిరిగొచ్చినవి ఏటి చేపలతో జతకట్టినప్పుడు ఆ బలహీనత మిగతావాటిలో కలుస్తుంది. పెంపకం మార్చడమంటే ఆ జల్లెడ కన్నాలను వీలైనంతవరకు ఏటి జల్లెడకు దగ్గరగా తేవడమే.

కొల్లేటి గట్టు (కైకలూరు)

మాది చేపల చెరువుల ప్రాంతం. శీలావతి, బొచ్చె పిల్లలను తీసే హేచరీలో పదకొండేళ్ళు పనిచేశాను గనుక కలుగజేసుకుంటున్నాను. మీ చేప, మా చేప వేరైనా వర్ణరేఖ గారు చెప్పింది నాకు బాగా అర్థమైంది. మా దగ్గర తల్లి చేపలకు ఇంజక్షన్ ఇచ్చి గుండ్రటి తొట్టిలో గుడ్లు పెట్టిస్తాం. ఉన్న కొద్దిపాటి తల్లి చేపలనే ఏళ్ళ తరబడి వాడి, వాటి పిల్లల్లోంచే మళ్ళీ తల్లులను ఎంచుకునే హేచరీల్లో మేనరికం ముదిరిపోతుంది. పిల్ల ఎదుగూబొదుగూ లేక, రోగానికి తట్టుకోలేక రైతు నష్టపోతాడు. అందుకే వేరే నది నుంచి, వేరే హేచరీ నుంచి తల్లులను మార్చుకోమని శాస్త్రవేత్తలు మాకు చెబుతుంటారు.

అయితే ఒక సందేహం. నెమ్మదిగా పెంచడం మాకు కొత్త కాదు. పిల్లలను ఏడాది పాటు చిన్న చెరువులో వత్తుగా వేసి, మేత తగ్గించి, గిడసబారిన తర్వాత పెద్ద చెరువులోకి మారుస్తాం. అప్పుడవి ఒక్కసారిగా ఏపుగా ఎదుగుతాయి. కొల్లేటి రైతులు పిల్లను కొనేదే అలా గిడసబారిన దాన్ని చూసి. మీ హేచరీవారు రెండేళ్ళు నెమ్మదిగా పెంచుతామంటున్నది ఇదేనా? ఇదే అయితే తొట్లు సగం ఖాళీ చేయవలసిన అవసరమే లేదు కదా, వత్తుగా వేస్తే సరిపోతుంది.

సెలయేరు

కొల్లేటి గట్టు గారూ, మీ ప్రశ్నతో నాకే విషయం తేటపడింది. మీరు వత్తిడితో గిడసబారుస్తారు, ఇక్కడ చల్లదనంతో నెమ్మదింపజేస్తారు. మీ పిల్ల చేరేది మరో చెరువులోకి గనుక దాని తిండియావ మీకు లాభం. ఈ పిల్ల చేరేది ఏరు దాటి సముద్రంలోకి. వత్తిడిలో నెగ్గుకొచ్చిన దురుసుతనం అక్కడ దానికి చేటు చేస్తుంది. వత్తిడే అసలు దోషి కావచ్చునని అనుమానిస్తున్నప్పుడు దాన్నే సాధనంగా వాడలేం.

ఏట్లో పుట్టే స్టీల్‌హెడ్ పిల్లల్లో ఎక్కువ భాగం రెండేళ్ళు, కొన్ని మూడేళ్ళు ఏట్లో గడిపి, ఒంటికి వెండి రంగు వచ్చి, ఉప్పునీటికి సిద్ధపడి వసంతంలో సముద్రానికి దిగుతాయి. ఆ దశనే ఇక్కడ స్మోల్ట్ అంటారు. మామూలు హేచరీలో మేత దండిగా పెట్టి, అవసరమైతే గోరువెచ్చని నీరు ఇచ్చి, పౌనుకు ఆరు తూగే పిల్లను, అంటే సుమారు 75 గ్రాముల పిల్లను, పన్నెండు నెలల్లోనే తయారుచేస్తారు. ఆ పరుగులో అందుకోలేని చిన్న పిల్ల స్మోల్ట్ కాలేదు. త్వరగా ఎదిగే గుణం, మేత మీద ఎగబడే గుణం ఉన్న పిల్లలే నెగ్గుతాయి. రెండేళ్ళ గడువిస్తే నిదానస్తురాలికి కూడా చోటుంటుంది.

ఒలింపియా నివాసి (వాషింగ్టన్ రాష్ట్రం)

ఆ పన్నెండు నెలల పరుగు ఎలా మొదలైందో చెబితే తప్ప ఈ చర్చ సగమే అవుతుంది. టకోమా దగ్గర చేంబర్స్ క్రీక్ అనే ఏరు ఉంది. అక్కడి శీతకాలపు స్టీల్‌హెడ్ నుంచి గత శతాబ్దం మధ్య దశాబ్దాల్లో ఒక హేచరీ మందను తయారుచేశారు. ఏట్లో చేప సాధారణంగా మార్చి నుంచి జూన్ దాకా గుడ్లు పెడుతుంది. అంత ఆలస్యంగా పుట్టిన పిల్ల మరుసటి వసంతానికి తూకానికి రాదు కాబట్టి, ముందుగా గుడ్లు పెట్టే చేపలనే ప్రతి తరంలోనూ ఎంచుకుంటూ పోయారు. చివరకు ఆ మంద డిసెంబరు, జనవరి నెలల్లోనే గుడ్లు పెట్టే స్థితికి వచ్చింది. ఆ మందనే పశ్చిమ వాషింగ్టన్‌లోని చాలా నదుల్లో వదిలారు. వేసవి చేపకు ఇలాగే స్కమేనియా మంద ఉంది.

దీని ఫలితం చాలా కాలంగా కళ్ళెదుటే ఉంది. స్కమేనియా చేప సహజంగా గుడ్లు పెట్టినా దాని సంతతి పెద్దయి తిరిగి రావడం చాలా తక్కువని కలామా నది అధ్యయనాలు 1980ల్లోనే చూపించాయి. చేంబర్స్ క్రీక్ మందను వదలడం మీద 2014లో వైల్డ్ ఫిష్ కన్సర్వెన్సీ అనే సంస్థ వేసిన దావా రాష్ట్ర మత్స్య శాఖతో రాజీతో ముగిసింది. స్కాజిట్ నదిలో పన్నెండేళ్ళపాటు హేచరీ స్టీల్‌హెడ్‌ను వదలకూడదని అందులో ఒప్పుకున్నారు. నా అభిప్రాయంలో తల్లి చేపను ఎంచుకోవడం దగ్గర తప్పు జరిగితే తొట్టిలో ఎన్ని రాళ్ళు పరిచినా, మేత ఎంత జాగ్రత్తగా వేసినా ఆ తప్పు దిద్దుకోదు. సెలయేరు గారి హేచరీ ముందు తమ తల్లి చేపలు ఏ ఏటివో చెప్పాలి.

సెలయేరు

మావి ఈ ఏటివే. పదేళ్ళ కిందట బయటి మందను పూర్తిగా ఆపేసి, ఇక్కడి ఏటి చేపలనే పట్టి గుడ్లు తీస్తున్నారు. అందుకే ఏడాది పద్ధతి ఇక్కడ కుదరడం లేదు. మా చేప ఏప్రిల్ చివర్లో గాని గుడ్లు పెట్టదు.

గాలం (పోర్ట్‌లాండ్, ఒరెగాన్)

నేను శాస్త్రవేత్తను కాను, పదిహేనేళ్ళుగా శీతకాలపు తెల్లవారుజాముల్లో ఏట్లో నడుము లోతున నిలబడి గాలం వేసేవాణ్ణి. నావైపు మాట కూడా వినమని మనవి. హేచరీ పిల్లకు వదిలేముందు తోకకు కాస్త ఎగువన వీపు మీదుండే చిన్న కొవ్వు వాజాన్ని కత్తిరిస్తారు. చాలా నదుల్లో ఆ వాజం లేని చేపనే మేం ఇంటికి తీసుకెళ్ళవచ్చు. వాజం ఉన్నదాన్ని నీటిలోంచి పైకి ఎత్తకుండానే వదిలేయాలి. అంటే హేచరీ పిల్లలు సగమైతే మా చేపలు సగమైనట్టే. లైసెన్సు డబ్బు, పన్నుల డబ్బు కట్టేవారిలో మాలాంటివారు చాలామంది. వారు తప్పుకుంటే ఏటి కోసం నిలబడే గొంతులు కూడా తగ్గుతాయి.

అయినా సెలయేరు గారి తొట్టి నీడ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. హేచరీ చేప గాలానికి పడినప్పుడు నేనెప్పుడూ ఆ కోణంలో ఆలోచించలేదు. నేను అడిగేది ఒక్కటే: సగం పిల్లలను వదిలినా తిరిగొచ్చే చేపల సంఖ్య మరీ సగానికి పడిపోదని ఎక్కడైనా రుజువైందా?

వర్ణరేఖ

గాలం గారూ, పిల్లకు రెండేళ్ళ పెంపకం గురించి జాగ్రత్తగా చూసిన చోటు ఉత్తర వాషింగ్టన్‌లోని మెథావ్ నది మీదున్న విన్‌త్రాప్ జాతీయ హేచరీ. అక్కడి నది చల్లన, చేప ఆలస్యంగా గుడ్లు పెడుతుంది. అంతకుముందు వేరేచోట ముందుగా గుడ్లు పెట్టే చేపల సంతతిని తెచ్చి ఏడాదిలో పెంచేవారు. మెథావ్ చేపలనే తల్లులుగా తీసుకోవాలంటే రెండేళ్ళ పెంపకమే దారి అయింది. ఏడాది పిల్లలను, రెండేళ్ళ పిల్లలను పక్కపక్కనే పెంచి వదిలి పోల్చారు. రెండేళ్ళ పద్ధతి ఆచరణ సాధ్యమేనని, స్థానిక చేపనే వాడుకునే వీలు కల్పిస్తుందని తేలింది.

ఒక లోపం కూడా కనిపించింది, దాన్ని దాచకూడదు. రెండో ఏడాదికల్లా కొన్ని మగపిల్లలు సముద్రం ముఖం చూడకుండా తొట్టిలోనే పరిపక్వమైపోతాయి. అలాంటివి వదిలినా వలస పోవు. ఏట్లోనే ఉండిపోయి అక్కడి పిల్లల తిండికి, చోటుకు పోటీ వస్తాయి. రెండో శీతకాలానికి ముందు వేసవిలో మేత ఎంత ఇవ్వాలో, ఒంట్లో కొవ్వు ఎంత చేరనివ్వాలో అత్యంత జాగ్రత్తగా చూడవలసింది అందుకే. సెలయేరు గారి హేచరీ ప్రతిపాదనలో ఈ లెక్క ఉందా?

కొల్లేటి గట్టు

నా అనుమానం తీరింది, చల్లదనానికీ వత్తిడికీ తేడా చెప్పిన సెలయేరు గారికి ధన్యవాదాలు. మేత విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. మేత ఒకేచోట, ఒకేసారి గుమ్మరిస్తే బలమైన పిల్ల తిని ఇంకా బలుస్తుంది, బక్కపిల్ల బక్కగానే మిగులుతుంది. నెల తిరిగేసరికి ఒకే తొట్టిలో మూడు సైజులు కనిపిస్తాయి. అదే మేతను నాలుగు వైపులా, రోజుకు ఎక్కువసార్లు, కొద్దికొద్దిగా చల్లితే తొట్టి అంతా ఒక్క తీరుగా ఉంటుంది. మీ చేపలో ఎగబడే గుణాన్ని తగ్గించాలంటే మనిషి గట్టు మీదికి వచ్చి వేయడమే మానాలి. నీటి అడుగు నుంచి మేత వచ్చే ఏర్పాటు చేయలేరా?

గుడ్లు కట్టించేటప్పుడు మరో జాగ్రత్త. నాలుగైదు మగచేపల వీర్యాన్ని ఒకే గిన్నెలో కలిపి గుడ్ల మీద పోయడం సులువే గాని, అలా చేస్తే చురుకైన ఒక్క మగచేపదే పైచేయి అవుతుంది. ఒక ఆడచేప గుడ్లను గిన్నెలుగా విడదీసి, ఒక్కో గిన్నెకు ఒక్కో మగచేపను వాడితే అందరి సంతానమూ మిగులుతుంది. ఏ కుటుంబం నుంచి ఎన్ని పిల్లలను ఉంచుతున్నారో అది కూడా సమానంగా చూడాలి.

జలధార (రెడ్మండ్, వాషింగ్టన్ రాష్ట్రం)

ఇదంతా చదివాక నాకు కలిగిన అభిప్రాయం వేరు. జబ్బు చేసే మందును మోతాదు తగ్గించి ఇవ్వడమెందుకు, పూర్తిగా ఆపవచ్చు కదా? వాషింగ్టన్ రాష్ట్రమే విండ్ నదిని, ఈస్ట్ ఫోర్క్ లూయిస్ నదిని హేచరీ స్టీల్‌హెడ్ వదలని నదులుగా ఉంచింది. ఎల్వా నది చూడండి. 1913లో ఒకటి, 1927లో ఇంకొకటి కట్టిన ఆనకట్టలను 2011 నుంచి 2014 మధ్య తొలగించారు. దశాబ్దాలపాటు ఆనకట్టల ఎగువన ఏట్లోనే చిక్కుబడిన రెయిన్‌బో ట్రౌట్‌లో సముద్రానికి వెళ్ళే గుణం నిలిచే ఉంది. దారి తెరుచుకోగానే వేసవి స్టీల్‌హెడ్ మళ్ళీ కనిపించింది. ఏటికి దారిస్తే చేప తన పని తాను చేసుకుంటుంది.

ఒలింపియా నివాసి

జలధార గారూ, ఎల్వా గురించి మీరు చెప్పింది నిజం, నాకూ అది కళ్ళు చెమర్చే విషయమే. కాని అన్ని నదులకూ ఎగువన అలాంటి నిధి దాగి ఉండదు. ఇంకొక సంగతి మనలాంటి వలస వచ్చినవారు మరిచిపోకూడదు. 1854, 1855 ఒడంబడికల్లో ఇక్కడి ఆదివాసీ తెగలు తమ భూములు వదులుకున్నప్పుడు అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కును మాత్రం వదులుకోలేదు. పట్టదగిన చేపలో సగం వారిదని 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చారు. ఆనకట్టలు, దుంగల కోతలు, ఊళ్ళు ఏరును పాడుచేశాక ఆ హక్కు కాగితం మీద మిగలకుండా కాపాడుతున్నవాటిలో హేచరీలు ఉన్నాయి. మూసేయమనడం మనకు తేలిక, నష్టం వారిది.

జలధార

ఆ కోణం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే మూయకుండానే, అసలు చేపకు నష్టం కలగని హేచరీ ఎక్కడైనా ఉందా?

వర్ణరేఖ

అందుకు దగ్గరగా వచ్చినది హుడ్ కెనాల్ ప్రయత్నం. సెలయేరు గారు చెప్పిన డకబుష్ కూడా అందులోదే. సముద్ర మత్స్య పరిశోధకుడు బారీ బెరెజికియన్ నాయకత్వంలో సమాఖ్య ప్రభుత్వ శాస్త్రవేత్తలు, లాంగ్ లివ్ ది కింగ్స్ అనే సంస్థ, తెగలు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపారు. ముందుగా హమ్మా హమ్మా నదిలో, తర్వాత డివాటో, డకబుష్, సౌత్ ఫోర్క్ స్కొకోమిష్ నదుల్లో.

అక్కడ తల్లి చేపలను పట్టనే లేదు. ఆడచేప ఏట్లో తనకు నచ్చిన చోట తోకతో కంకర తవ్వి, తనకు నచ్చిన జతతో గుడ్లు పెట్టి కప్పేస్తుంది. ఆ కంకర గూటిని గుర్తుపెట్టుకుని, గుడ్లలో కళ్ళు నల్లటి చుక్కలుగా కనిపించే దశ వచ్చేదాకా ఆగుతారు. అంతకుముందు కదిలిస్తే గుడ్డు చస్తుంది. అప్పుడు సన్నని గొట్టాన్ని కంకరలోకి దించి నీరు పంపితే కొన్ని గుడ్లు పైకి తేలి వలలో పడతాయి. గూటిలో మిగతావి అలాగే ఉంటాయి. జత ఎంపిక, చోటు ఎంపిక, కాలం ఎంపిక అన్నీ చేపవే. మనిషి చేసేది మధ్యలో కొంతకాలం దాదిగా ఉండడమే. పిల్లలను నెమ్మదిగా రెండేళ్ళు పెంచి కొన్నింటిని స్మోల్ట్‌లుగా, కొన్నింటిని ఇంకా పెంచి పెద్ద చేపలుగా వదిలారు.

హమ్మా హమ్మాలో వదలడం ఆపేసిన తర్వాతి తరంలో కూడా కంకర గూళ్ళు మునుపటికంటే ఎక్కువగానే ఉన్నాయి, జన్యు వైవిధ్యం కూడా తగ్గలేదు. అన్ని నదుల్లోనూ ఇదే ఫలితం రాలేదు. ఏరు ఎంతమందిని పోషించగలదో అంతకు మించి హేచరీ ఏమీ చేయలేదు. ఈ ప్రయత్నంలో నాకు అన్నిటికంటే నచ్చినది, మొదలుపెట్టిన రోజే ఎప్పుడు ఆపాలో రాసుకోవడం. ఆపే తేదీ లేని హేచరీ సహజ చేపను కాపాడుతున్నానని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

పాఠకురాలు

గూటిలోంచి గుడ్లు తీసే సంగతి చదువుతుంటే మా అమ్మమ్మ ఊరు ధవళేశ్వరం గుర్తొచ్చింది. వరద నీటికి సముద్రంలోంచి ఎదురీది వచ్చే పులస కోసం మా పెద్దలు ఎదురుచూసే తీరు, ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగిపోయే తీరు చిన్నప్పుడు చూశాను. సముద్రం, ఏరు రెండూ కావలసిన చేపకు రెండింటిలో ఏది చెడినా కష్టమే. ఒక ప్రశ్న: తొట్టిలోనే రాళ్ళు, కొమ్మలు వేసి ఏరులా తయారుచేస్తే నీడను చూసి భయపడడం నేర్చుకోవా?

వర్ణరేఖ

కొంతవరకు నేర్చుకుంటాయి. 1990ల నుంచి ప్యూజెట్ సౌండ్ ఒడ్డున మాంచెస్టర్‌లోని పరిశోధన కేంద్రంలో తొట్టి అడుగున కంకర పరిచి, చెట్టు కొమ్మలు ముంచి, పైన నీడ పరిచి, నీటి అడుగు నుంచి మేత ఇచ్చి చూశారు. కొల్లేటి గట్టు గారు అడిగిన ఏర్పాటు అదే. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొట్టిలో కాసిని రాళ్ళు వేసినంత మాత్రాన, ఈత నేర్వని స్టీల్‌హెడ్ పసిపిల్లల్లో కదలికను సరిచూసే చిన్నమెదడు పెద్దదిగా ఎదిగింది. రాళ్ళ ఖర్చెంత?

ఇంకా ఆశ్చర్యం కలిగించింది ఇనుము. ఈ చేప సముద్రంలో భూ అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు తెలుసుకుంటుంది. ఒరెగాన్‌లో ఆల్సీ నది పరీవాహకంలో 2005లో ప్రారంభమైన హేచరీ పరిశోధన కేంద్రంలో చేసిన ప్రయోగం 2014లో వెలువడింది. సహజ క్షేత్రంలో పెరిగిన పిల్లలు ఏ దిక్కుకు తిరగాలో తెలుసుకున్నాయి. ఇనుము వంటివాటి వల్ల క్షేత్రం వంకర తిరిగిన చోట పెరిగినవి తెలుసుకోలేకపోయాయి. కాంక్రీటులోని ఊచలు, తొట్ల పక్కనుంచి పోయే ఇనుప గొట్టాలు, పంపుల కరెంటు తీగలు... సెలయేరు గారూ, మీ తొట్ల చుట్టూ ఏమున్నాయో ఒకసారి దిక్సూచి పట్టుకుని నడిచి చూడండి.

కాని ఒలింపియా నివాసి గారి మాట నిజమే. రాళ్ళూ నీడా ఆ ఒక్క పిల్ల నడవడిని మారుస్తాయి. తరతరాలకు పాకే నష్టాన్ని తగ్గించేది తల్లుల ఎంపిక, పలచగా పెంచడం, తొందరపెట్టకపోవడం.

సెలయేరు

నిన్న శనివారం దిక్సూచితో నడిచాను. పడమటి వరుసలో ఉన్న రెండు తొట్ల దగ్గర, నీటి గొట్టం పక్కకు రాగానే ముల్లు చేతి బెత్తెడు దూరంలో దాదాపు పావువంతు తిరిగిపోయింది. పర్యవేక్షకురాలిని పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఏటి తల్లుల పిల్లలు ఇన్నేళ్ళుగా ఆ రెండింటిలోనే ఉన్నాయి.

వదిలే తీరు గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట మే మొదటి వారంలో లారీలు ఖాళీగా ఉన్న రోజును బట్టి తేదీ ఖరారు చేసి, తొట్టిలో పిల్లలన్నిటినీ ఒక్క పూటలో జాలీతో తోసి ఏట్లోకి పంపించాం. నేనూ తోశాను. జూలైలో దిగువ మడుగులో ముసుగు పెట్టుకుని మునిగి చూస్తే, వాజం తెగిన పిల్లలు గుంపులుగా అక్కడే తచ్చాడుతున్నాయి. వాటి మధ్య ఏటి పిల్లలు రాళ్ళ అంచులకు ఒత్తుకుని కనిపించాయి. ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

గాలం

ఆ మడుగుల్లో నేనూ గాలం వేశాను. అవి జానెడు చేపలు, ట్రౌట్ అనుకున్నాను.

ఒక మాట అడగాలి. గుడ్లు తీయడానికి ఏటి తల్లిని చంపుతారా? స్టీల్‌హెడ్ మళ్ళీ తిరిగి రాగలదని మొదటే అన్నారు కదా.

వర్ణరేఖ

చంపనవసరం లేదు. సన్నని సూదితో పొట్టలోకి కొద్ది ఒత్తిడితో గాలి పంపితే గుడ్లు వాటంతట అవే బయటికి వస్తాయి, తల్లి బతుకుతుంది. గుడ్లు పెట్టి చిక్కిపోయిన చేపలను యాకిమా నది మీద ప్రాసర్ దగ్గర యాకమా తెగవారు ఏళ్ళుగా పట్టి, మేతపెట్టి, కోలుకున్నాక తిరిగి ఏట్లో వదులుతున్నారు. రెండోసారి గుడ్లు పెట్టగల తల్లి ఒక్కటి మిగిలినా, హేచరీ తీసుకున్న అప్పులో కొంత ఏటికి తీరినట్టే.

జలధార

హుడ్ కెనాల్ మాటల్లో తేలే వంతెనను కూడా మరవకండి. 1961లో కట్టిన ఆ వంతెన తేలే దిమ్మెల మీద నిలుస్తుంది. స్టీల్‌హెడ్ పిల్లలు నీటి పైపొరలోనే ఈదుతాయి కాబట్టి దిమ్మెల దగ్గర తికమకపడి ఆగిపోతాయి, సీళ్ళు అక్కడే కాచుకుని ఉంటాయి. రెండేళ్ళు కష్టపడి పెంచిన పిల్లలు వంతెన దాటకముందే పెద్ద సంఖ్యలో చనిపోతుంటే ఆ తప్పు తొట్టి మీద వేయడం న్యాయం కాదు.

సెలయేరు

జలధార గారి మాటను, వర్ణరేఖ గారి ప్రశ్నను కలిపి మా హేచరీ సమావేశంలో చదివి వినిపించాను. గాలం గారి మాట కూడా ఉన్నదున్నట్టు చదివాను. తెగ తరఫున వచ్చిన పెద్దాయన దాన్ని మళ్ళీ ఒకసారి చదవమన్నారు.

అన్ని తొట్లూ ఒకేసారి మార్చడానికి ఒప్పుకోలేదు. ఆరింటిలో రెండు తొట్లను రెండేళ్ళ పద్ధతికి ఇచ్చారు. ఇప్పుడున్నదానిలో సగం పిల్లలే వాటిలో ఉంటాయి. ఒక్కో ఆడచేప గుడ్లను మూడు గిన్నెలుగా విడదీసి మూడు మగచేపలతో కట్టిస్తారు. ఇనుప గొట్టాల పక్కనున్న తొట్లు ఇందుకు వాడరు. మేత నీటి అడుగు నుంచే వస్తుంది. నేను గట్టు మీదికి వెళ్ళేది చచ్చినవాటిని ఏరడానికే, అది కూడా చీకటి పడ్డాక. రెండో ఏడాది ఆగస్టు నుంచి ప్రతి నెలా కొన్ని పిల్లలను చూసి మగవి ఎన్ని ముందే పరిపక్వమవుతున్నాయో రాస్తాం. వదిలే ప్రతి పిల్ల తల్లిదండ్రుల వాజం ముక్క భద్రపరుస్తాం, తిరిగొచ్చినప్పుడు ఎవరి పిల్లో తెలియాలి.

వదలడానికి తేదీ లేదు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం దిగువ జాలీ తీసేసి వదిలేస్తాం. వెండి రంగు వచ్చి, వెళ్ళాలనిపించినవి రాత్రిపూట వాటంతట అవే వెళతాయి. ఆరు వారాల తర్వాత కూడా తొట్టిలో మిగిలినవాటిని ఏట్లోకి తోయకుండా, సముద్రానికి దారిలేని ఎగువ చెరువుకు తరలిస్తాం. అక్కడ బడిపిల్లలు గాలం వేసుకుంటారు.